ఎవరికి చెప్పాలో నేర్పిన అక్క

మా ఎదురింటి అక్క శుక్రవారం గుండెపోటుతో పోయారు. శనివారం పొద్దునకల్లా అట్లాంటా పక్కన మా కమ్మింగ్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఆవిడ ఫొటో, దాని కింద ‘మన కమ్యూనిటీకి తీరని లోటు’ అన్న మాట, వరసగా దండాల బొమ్మలు. నాలుగేళ్ళ కిందట ఆ గ్రూప్‌లోంచి ఆవిడను తీసేసింది ఇప్పుడు దండాలు పెడుతున్న ఈ చేతులే. ఏడుపుకంటే ముందు నాకు ఒళ్ళు మండింది.

అక్క కౌన్సెలర్. నలభై దాటాక ఇక్కడ మాస్టర్స్ చదివి, ఏళ్ళ తరబడి ఒక సీనియర్ కింద పనిచేసి, పరీక్ష రాసి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ తెచ్చుకున్నారు. ఆ కాగితాన్ని తన ఆఫీసులో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలించారు. గొప్పగా ఉందక్కా అంటే ఆవిడ నవ్వలేదు.

“గొప్పకి కాదమ్మా. నేను తప్పు చేస్తే నా మీద ఎవరికి కంప్లయింట్ చేయాలో వాళ్ళకి తెలియాలి.”

ఇండియన్ స్టోర్‌లో తన దగ్గరికి వచ్చేవాళ్ళు ఎదురైతే, వాళ్ళు పలకరించేదాకా ఆవిడ పలకరించేవారు కాదు. పక్కనున్నవాళ్ళకు ‘ఈవిడ నీకెలా తెలుసు’ అనే అనుమానం రాకూడదని. మావాళ్ళు దానికి పొగరని పేరు పెట్టారు.

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్‌లో తిండి మానేసి గదిలోంచి బయటికి రాని రోజుల్లో నేను ఆవిడ దగ్గరికే పరిగెత్తాను. “ఎదురింటి పిల్లని నేను చూడకూడదు. తెలిసినవాళ్ళకి కౌన్సెలింగ్ చేయకూడదని రూల్,” అని వేరే ముగ్గురు కౌన్సెలర్ల పేర్లు రాసిచ్చారు. మన ఇళ్ళ సంగతి వాళ్ళకేం తెలుసని ఆ కాగితం పక్కన పడేశాను. ఊళ్ళో అందరూ మెచ్చుకునే ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తన బేస్‌మెంట్‌లో ‘ఫ్యామిలీ కౌన్సెలింగ్’ చేసేవారు. లైసెన్స్ ఉందా అని నేను అడగలేదు. లేదు.

డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానేయమన్నారాయన. చచ్చిపోవాలనిపిస్తోందని మా అమ్మాయి తనకు చెప్పుకున్న మాటను, తెలుగువాళ్ళ ఆదివారం మీటింగ్‌లో అందరికీ ఉదాహరణగా చెప్పారు. పేరు చెప్పలేదట. చెప్పక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. సోమవారం స్కూల్ బస్‌లో ఒక పిల్ల ‘అది నువ్వేనా’ అని మా అమ్మాయిని అడిగేసింది.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చారు. “లైసెన్స్‌లిచ్చే స్టేట్ బోర్డుకి ఆయన మీద కంప్లయింట్ ఇద్దాం. నేను రాస్తాను. జరిగింది నువ్వు చెప్పాలి.”

“మాది ఇంకా వీసానే అక్కా. ఎందుకొచ్చిన గొడవ?”

“సాక్ష్యం చెప్తే వీసా పోతుందని ఏ రూల్‌లో ఉందో చూపించు. ఆయన దగ్గరికి రేపు ఇంకో పిల్ల వెళ్తుంది.”

వారం తరువాత సరేనన్నాను. ఆ వారం ఆలస్యానికి నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

సంగతి పొక్కాక మావాళ్ళకు మా అమ్మాయి గుర్తుకు రాలేదు. తెల్లవాళ్ళ ముందు పరువు తీసిందని అక్కను గ్రూప్‌లోంచి తీసేశారు, బతుకమ్మకు పిలవలేదు. ఆవిడ నాతో ఒక్కసారే ఆ మాటెత్తారు: “వాళ్ళకి కోపం వచ్చింది. రానీ. నీ కూతురు తింటోందా?” తింటోంది. ఆవిడ రాసిచ్చిన ముగ్గురిలో ఒకరి దగ్గరికి వెళ్తోంది, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది.

విచారణ జరిగాక, కౌన్సెలింగ్ అన్న మాట వాడకూడదని ఆ పెద్దమనిషికి ఉత్తర్వు వచ్చింది. ఆయన తన నేమ్‌ప్లేట్ మార్చి ‘లైఫ్ కోచ్’ అని రాసుకున్నారు. దానికి లైసెన్స్ అక్కర్లేదు. అదే బేస్‌మెంట్, అవే కుర్చీలు.

మా కాలనీ క్లబ్‌హౌస్‌లో అక్కకు సంతాప సభ పెట్టారు. ఆ పెద్దమనిషీ వచ్చారు. మైక్ అందుకుని ‘మా సోదరి’ అని మొదలుపెట్టారు. కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి వెనక వరసలోంచి లేచింది. “అంకుల్, ప్లీజ్ స్టాప్. ఆవిడ గురించి మీరు మాట్లాడొద్దు.” దాన్ని కూర్చోమని సైగ చేసినవాళ్ళను నేను చూశాను. నేనూ లేచి దాని పక్కన నిలబడ్డాను. ఆయన మైక్ పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సభలో పెట్టిన ఫొటోలోని అక్క నాకు గుర్తు రావడం లేదు. అట్లాంటాలో ఆ విచారణలో నేను సాక్ష్యం చెప్పి బయటికొచ్చాక పార్కింగ్‌లో కార్ ఎక్కడ పెట్టామో మరిచిపోయిన అక్క గుర్తొస్తున్నారు. నేత చీర కింద స్నీకర్స్ వేసుకుని, ఆవిడ తాళంచెవి పైకెత్తి నొక్కుతూ, ప్రతి వరస దగ్గరా ఒక్క క్షణం ఆగి, హారన్ ఎటునుంచి పలుకుతుందోనని చెవి ఒగ్గి వింటూ నా ముందు నడుస్తున్నారు.