సారు పేరు లేని పుస్తకం

మంగళవారం పొద్దున నంద్యాలలో మొదటి క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములోకి వస్తుండగా ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. సారు కూతురు. "అక్కా, నాయన పోయినాడు" అంది. కాస్త ఆగి, "మధ్యాహ్నం నమాజు అయినాంక తీసుకుపోతారు. వస్తే రా" అంది. రమ్మనలేదు, వస్తే రా అంది. ఆ తేడా నాకు బస్సు శిరివెళ్ల దాటేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

నేను వెళ్లేసరికి సారును మోస్తున్న జనాజా గడప దాటుతోంది. ఆడవాళ్లతో పాటు వాకిట్లో నిలబడి చూశాను. ఆయన హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మనిషి. ఆళ్లగడ్డలో ఏ కొట్టు ముందు నిలబడినా ఆయన దగ్గర చదివినవాళ్లు ఇద్దరైనా కనబడతారు. ఆ రోజు ఆయన వెంట నడిచింది మసీదు నుంచి వచ్చినవాళ్లు, దగ్గరి బంధువులు. బడి తరఫున ఒక్కరూ రాలేదు. ఆయనతో పనిచేసి రిటైరైన ఒకాయన వీధి మొదట్లో స్కూటరు ఆపి, దిగకుండానే కాసేపు తలవంచుకుని ఉండి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

వాళ్లు ఎందుకు రాలేదో నాకు తెలుసు. అందులో నా వంతు ఎంతో కూడా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

సాయంత్రం బయల్దేరుతుంటే సారు కూతురు లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చి నా చేతికిచ్చింది. "ఈ పుస్తకం నువ్వే తీసుకుపో అక్కా. మా ఇంట్లో వద్దు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సారు వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకే ఇంట్లో పుట్టి, దగ్గుతూ చదువుకున్నానని సారు చెప్పేవాడు. మిగతా టీచర్లు పరీక్షల ముందు గబగబా చదివించి వదిలేసే పౌరశాస్త్రం పాఠాలను ఆయన మాత్రం జూన్‌లోనే మొదలుపెట్టేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా క్లాసు లీడరు ఎన్నిక పెట్టాడు. మూలకు తాడు కట్టి, ఆసియా మ్యాపు వేలాడదీసి, దాని చాటున చీటీలు రాయమన్నాడు. పోటీలో ఊరి పెద్దమనిషి కొడుకు ఒకడున్నాడు. మా క్లాసు పిల్లవాడొకడు మ్యాపు చాటు నుంచి బయటికొచ్చి, చీటీ మడిచే ముందు వాడికి చూపించాడు. సారు ఆ చీటీ తీసుకుని చించేశాడు.

"చూపిచ్చినావు కదా. ఇంక అది నీ ఓటు గాదు, వానిది."

"ఇంగో చీటీ ఇస్తారా సార్?"

"ఇస్తా. భయపడేదుంటే నాకు భయపడు, వానికి గాదు."

ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తు లేదు. నేను రాజనీతిశాస్త్రం చదివింది మాత్రం ఆ మధ్యాహ్నం వల్లే.

ఆయన రిటైరయ్యేనాటికి నేను నంద్యాలలో లెక్చరర్నయ్యాను. కొత్తగా వచ్చిన పుస్తకం ఏది దొరికినా ఆయనకు తీసుకుపోయేదాన్ని. దేశాలను పక్కపక్కన పెట్టి పోల్చే పుస్తకాలంటే ఆయనకు మహా ఇష్టం. ఒకచోట ప్రజాస్వామ్యం ఎట్లా నిలబడింది, ఇంకోచోట ఎందుకు కూలిపోయింది, అసలు రాజ్యం అనేది ఎట్లా తయారవుతుంది, ఇవన్నీ. ఇంగ్లీషు ఆయనకు అంత సులువుగా వచ్చేది కాదు. బేతంచెర్ల బండలు పరిచిన వసారాలో చల్లగా కాళ్లు చాపుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకు నాలుగు పేజీలు చదివేవాడు. నచ్చిన వాక్యం కింద పెన్సిలుతో సన్నగా గీత గీసేవాడు. ఎంత చప్పటి పుస్తకమైనా మధ్యలో వదిలేవాడు కాదు. "రాసినోడు కడదాకా రాసినాడు గదా, మనం కడదాకా చదవాల" అనేవాడు.

ఒకసారి అట్లాంటి లావుపాటి పుస్తకం తిరిగిస్తూ, "అన్ని దేశాలూ ఉండాయి పాపా, మండలాఫీసు యాడుండాది?" అన్నాడు. నలభై దాటినా నేను ఆయనకు పాపనే. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వీళ్లకు రాజ్యమంటే రాజధాని. ఎలచ్చన్ల నాడు పల్లెలో రాజ్యమంటే ఎవురు? ఓట్ల పెట్టె మోసుకొని పోయిన నేను. నా ఎనకాల ఒక హోంగార్డు. అంతే."

అట్లాంటి పుస్తకాలు రాసే మనిషే ఒకాయన ఐదేళ్ల కింద మా కాలేజీకి వచ్చాడు. మనవాడే, పైదేశంలో పాఠాలు చెబుతాడు. మూడు దేశాల్లో ఎన్నికలు నడిపే కింది ఉద్యోగుల మీద రాస్తున్నానన్నాడు. నేను ఆయన్ని నేరుగా సారు వసారాకు తీసుకుపోయాను. ఇన్నాళ్లకు ఒక పుస్తకంలోకి మండలాఫీసు వస్తుందని నా సంబరం. సారు తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. మూడు మధ్యాహ్నాలు అట్లా గడిచాయి.

మూడో రోజు, ఎవరూ అడగకుండానే, సారు ఒక సంగతి చెప్పాడు. అది నేను కూడా మొదటిసారి వింటున్నాను.

బ్యాలెట్ పేపర్ల కాలం. ఆయన ఒక పల్లెలో ప్రిసైడింగ్ ఆఫీసరు. మధ్యాహ్నం రెండు దాటాక కొందరు మనుషులు లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. అవతలి పక్షం ఏజెంట్లు చెప్పులు కూడా మరిచి బయటికి నడిచారు. వచ్చినవాళ్లు సారును ఒక్క మాట అనలేదు, చెయ్యెత్తలేదు. పేపర్ల కట్ట తమవైపు జరుపుకుని ముద్రలు గుద్దుకుంటూ పోయారు. నాలుగింటికి ఒక ముసలామె వచ్చింది. ఆమె ఓటు అప్పటికే పెట్టెలో ఉంది. ఆమె బెంచీ వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, తర్వాత సారు ముందుకొచ్చి వేలు చాపింది.

"సిరా అయినా పెట్టప్పా. ఇంటికి పోయి చూపిచ్చుకుంటా."

సారు ఆమె వేలికి సిరా పెట్టి పంపించాడు. చీకటి పడకముందే, పైఅధికారులకు ఇవ్వాల్సిన డైరీలో పోలింగు ప్రశాంతంగా జరిగిందని రాసి సంతకం చేశాడు.

నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెబుతున్నంతసేపూ సారు తలెత్తలేదు. "ఇది రాయమను పాపా. నా పేరు పెట్టి రాయమను. ఊరి పేరు వద్దు, ఆయమ్మ పేరు వద్దు. తప్పు చేసింది నేను, నా పేరు చాలు" అన్నాడు. నేను అదీ చెప్పాను. పరిశోధకుడు మర్యాదగా తలూపి నోటుబుక్కులో రాసుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఆయన నుంచి మెయిల్ వచ్చింది. వివరాలు సరిచూసుకుంటున్నాను, ఆ ఊరేదో తెలిస్తే బాగుంటుంది అని. ఆయన అవగాహన కోసమే కదా అనుకుని చెప్పేశాను. సారును అడగలేదు. ఫోను చేస్తే తేలిపోయే సంగతి. చేయలేదు.

పుస్తకం వచ్చింది. సారు పేరు లేదు. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు దాచడం వాళ్ల నియమమట. పేరుకు బదులు, హైవే మీది చిన్న పట్టణంలో ఉండే రిటైర్డు సోషల్ టీచరు, దూది ఏకే కుటుంబంలో పుట్టినవాడు అని ఉంది. ఊరికి మొదటి అక్షరం, ఎదుటి పేజీలో మ్యాపు మీద ఒక చుక్క. సిరా అడిగిన ముసలామె కూడా ఉంది. చివర్లో, బలవంతుల నీడలో తన భద్రత వెతుక్కునే చిన్న ఉద్యోగికి నమూనాగా సారును వేరే రెండు దేశాల గుమాస్తాల పక్కన నిలబెట్టాడు.

ముందుమాటలో కృతజ్ఞతలు చెబుతూ నా పూర్తి పేరు వేశాడు, కాలేజీ పేరుతో సహా. మా ప్రిన్సిపాలు ఆ పేజీని, మా ప్రాంతం గురించిన పేజీలను జిరాక్సు తీయించి నోటీసు బోర్డుకు పెట్టించాడు. నేను వద్దనలేదు. ఆ నాలుగు రోజులు వరండాలో కొంచెం మెల్లగానే నడిచాను. ఈ సంగతి కూడా మీకు చెప్పాలి.

సారుకు పుస్తకం ఇవ్వడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇచ్చి, వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఆయన వసారాలోనే ఉన్నాడు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా పేరు యాడుండాది పాపా?"

"మీకు ఇబ్బంది కాకూడదని తీసేసినారంట సార్. వాళ్ల రూలు."

"ఊరి అక్షరం వాళ్లకెట్ల తెలిసింది?"

నేను చెప్పాను. ఆయన పుస్తకం ఒళ్లో నుంచి తీసి పక్కన బండ మీద పెట్టాడు.

"పేరు పెట్టింటే నేను ఒప్పుకున్నట్ల ఉండేది. పేరు ల్యాకపోయేసరికి ఎవురో నన్ను పట్టిచ్చినట్ల ఉండాది" అన్నాడు.

ఈలోపల నోటీసు బోర్డు ఫొటోలు సెల్‌ఫోన్లలో ఆళ్లగడ్డ చేరాయి. ఎవరో తెలుగులో నాలుగు ముక్కలు రాసి జతచేశారు. ఆనాడు ముద్రలు గుద్దినవాళ్ల మనవళ్లు ముగ్గురు సారు ఇంటికొచ్చారు. వాళ్లూ కేకలు వేయలేదు. "మా తాతను పుస్తకంలోకి ఎక్కిచ్చినావంట గదా సారూ, బాగుండాది" అని, నీళ్లు తాగి, వెళ్లారు. అవతలి పక్షంవాళ్లు బజార్లో ఎదురుపడి, "ఆ పొద్దు సంతకం పెట్టి ఈ పొద్దు చెప్తాండావా?" అన్నారు. ఆ ఏడు జెండా పండగకు బడి నుంచి పిలుపు రాలేదు. ఏటా పిల్లలకు బహుమతులిచ్చేది ఆయనే. రిటైరైన టీచర్ల మీటింగుకు పోతే పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయట. రెండోసారి ఆయన పోలేదు.

నేను పరిశోధకుడికి రాశాను. మర్యాదగా, ఓపికగా జవాబిచ్చాడు. బాధపడుతున్నానన్నాడు, తర్వాతి ముద్రణలో అక్షరం మారుస్తానన్నాడు. ఆయన్ని తిట్టుకోవడం నాకు సులువు. కానీ ఆయన తన నియమం తాను పాటించాడు. ఊరి పేరు అందించిన చెయ్యి నాది.

ఇప్పుడు ఆ పుస్తకం నా బల్ల మీద ఉంది. పెన్సిలు గీతలు ఆ ముసలామె ఉన్న పేజీ దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాతి పేజీలు కొన్ననాటిలాగే ఉన్నాయి. సారు కడదాకా చదవని పుస్తకం నాకు తెలిసి ఇదొక్కటే.

మొన్న చలికాలంలో ఆయనే ఫోను చేశాడు. "ఆ ఊరికి పోదాం రా పాపా. ఆయమ్మ వాళ్లు ఎవురైనా ఉంటారేమో" అన్నాడు. ఆళ్లగడ్డలో ఆటో మాట్లాడుకుని పోయాం. ముసలామె పోయి చాలా ఏళ్లయింది. కూతురు ఉంది, అరవై దాటినామె. వాకిట్లో మిరపకాయలు కుప్ప పోసుకుని తొడిమలు తీస్తోంది. సారు కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఏదీ తగ్గించకుండా.

ఆమె చేతులు ఆగాయి.

"మా యమ్మ ఆ యేలు వారం దినాలు మురిపెంగా చూసుకున్న్యాది సారూ. వచ్చినోళ్లకంతా చూపిచ్చేది. ఓటు గుద్దొచ్చినానని చెప్పింది మాకు. సచ్చేదాకా అదే చెప్పింది." ఆమె సారు మొహంలోకి చూసింది. "అది నిజం గాదని చెప్పేకి ఇంత దూరం వచ్చినావా?"

"తప్పయిందని చెప్పేకి వచ్చినా తల్లీ."

"చెప్పుకునేకి ఆమె లేదు కదా" అని ఆమె మళ్లీ మిరపకాయల మీదికి వంగింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. "బాగ అడిగింది పాపా." ఊరి పేరు చెప్పినందుకు నన్ను క్షమించమని నేను అప్పుడైనా అడిగి ఉండాల్సింది. ఊరొస్తే అడుగుదాం అనుకున్నాను.

ఊరి మొదట్లో శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర సారు ఆటో ఆపమన్నాడు. "నడుచుకుంటా పోతా. నువ్వు బస్టాండుకు పో" అన్నాడు. ఆటో తిరిగేలోపు నేను వెనక్కి చూశాను. రోడ్డు పక్కన సగం చెక్కిన నాయకుల విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి, చేతులెత్తి, ఇంకా కళ్లు తెరవకుండా. రాయి కోసే మిషను నుంచి తెల్లటి పొడి లేచి రోడ్డంతా కమ్ముకుంటోంది. ఆ పొడిలో సారు మెల్లగా నడుస్తున్నాడు. భుజాలు, తల, వీపు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి. ఆయన దులుపుకోలేదు.