తాళమేసిన ఉత్తరం

నాకు చాయ్ సగమే పొయ్యిండ్రి, జల్ది పోవాలె. తొమ్మిదిన్నర పరకాల బస్సు తప్పిందంటే ఈసారి నా సంసారం ఖతం. ఎందుకంటరా? నిన్న ఎవ్వలికీ తెల్వకుంట రాసుకున్న ఉత్తరం మా వాడకట్టంత కూసోని చదివిండ్రు. చదివిచ్చింది ఎవలో కాదు, నేనే.

మా ఇల్లు మీకు ఎర్కే గద, హనుమకొండల రాజలింగం సేటు ఇల్లు. కింద వాళ్ళు, మీద మేం కిరాయికి. సేటు మంచోడు. ఆయన భార్య కాంతమ్మక్క గూడ మంచిదే, కాని మాకొచ్చిన ఉత్తరం మాకంటే ముందు ఆమెకు తెలుస్తది. పోస్టుమన్ కింద ఇచ్చిపోతడు. "సమ్మయ్యా, మీ మరదలికి జరమొచ్చిందట, జర పోయి చూసి రాండ్రి" అనుకుంట కవరు చేతుల పెడ్తది. చూస్తే కవరు అంటించే ఉంటది. ఎట్ల చదివినవక్కా అంటే నవ్వుతది.

గందుకే నా ముచ్చట్లకు నా సొంత తాళం ఉండాలనుకున్న. మా చిన్నాయన కొడుకు మస్కట్ నుంచి చిన్న కంప్యూటర్ తెచ్చిచ్చిండు గద, టిఫిన్ డబ్బంత ఉంటది. టీవీకి తగిలిస్తే అక్షరాలు టీవీల పడ్తయి. రాసింది టేప్ రికార్డర్ల క్యాసెట్టుకెక్కుతది. దానికి ఎవడో రాసిన ప్రోగ్రాం నాకెందుకు? వాడు పెట్టిన తాళం నేనెట్ల నమ్మాలె? పదేండ్ల సంది కాలేజి ల్యాబుల చేస్తాన్న, గంత మాత్రం రాదా? రెండు నెలలు కూసోని నేనే రాసిన. దాని పేరే 'తాళం'. ఆన్ చెయ్యంగనే తాళం మాట అడుగుతది. మూడుసార్లు తప్పు కొడితే బంద్ అయితది. ప్రోగ్రాం మధ్యల ఆపి లోపలికి తొంగిచూసే దారి గూడ మూసిన. అంత గట్టిగ రాసిన.

ఆ రెండు నెలలే నా కొంప ముంచినయి. మా అత్తకు కంటి ఆపరేషన్. పరకాల పోయి ఆమెను దవాఖానకు తోల్కపోవాలె. నా పెండ్లాం సరోజన పొద్దుగాల్లనే తయారయి సంచి పట్టుకోని నిలవడ్డది. కంప్యూటర్ ముందటికెళ్ళి లేవకుంట "ఒక్క పది నిమిషాలు" అన్న. ఆ పది నిమిషాలల్ల బస్సు పోయింది. "నువ్వు రావా ఇగ?" అన్నది. అప్పుడు నా నోట్లకెళ్ళి ఒక మాటొచ్చింది: "నేనొచ్చి ఏం చెయ్యాలె, నేనేమన్న కండ్ల డాక్టర్నా?"

ఆమె సంచి తీస్కోని ఒక్కతే పోయింది. పదిహేను రోజులాయె. కబురు లేదు, ఉత్తరం లేదు. నాకు నిద్ర లేదు, కూసుంటే కూసోబుద్ధి కాదు. బస్టాండ్ దాక పోతాన్న, మళ్ళొస్తాన్న. పోయి కాళ్ళు పట్టుకుందామంటే అత్త మొహం చూసే ధైర్యం లేదు. ఉత్తరం రాద్దామంటే కాయితం మీద పెట్టింది ఏదైనా కాంతమ్మక్క కండ్లల్ల పడ్తది. సరే, ముందు తాళంల రాద్దాం, మాట కుదిరినంక కాయితం మీద ఎక్కించి నేనే డబ్బల ఏస్త అనుకున్న.

ఇప్పుడు ఏంటెన్నా సంగతి చెప్పాలె. మా మిద్దె మీద ఏంటెన్నా ఒక్కటే. దాని వైరు రెండు పాయలు చేసి ఒకటి కింద సేటు టీవీకి, ఒకటి మా టీవీకి. కంప్యూటర్ పెట్టాల్నంటే నేను ఏంటెన్నా వైరు ఊడదియ్యాలె. నేను ఊడదీసినప్పుడల్ల కింద బొమ్మ పోతది. "సమ్మయ్యా, మళ్ళ చుక్కలొస్తానయి" అని సేటు ఒకటే లొల్లి. ఇజ్జత్ పోతాందని ఒకనాడు మూడు వైర్లు కలిపి మెలేసి, టేపు చుట్టిన. కంప్యూటర్, టీవీ, ఏంటెన్నా, అన్నీ ఒకదానికొకటి. సేటు లొల్లి బందయింది. నా తెలివికి నేనే మురిసిన.

నిన్న ఆదివారం. సాయంత్రం సినిమా టైము. కింద సేటు ఇంట్ల ఎప్పటిలెక్కనే వాడకట్టంత జమైంది. నేను మీద తలుపు గడియ పెట్టి, కిటికీ గూడ మూసి కూసున్న. తాళం మాట కొట్టిన. అది మేమిద్దరమే ఉన్నప్పుడు నేను ఆమెను పిలుచుకునే పేరు: సరూ. ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు రాసుడు మొదలువెట్టిన.

"సరూ, ఆ మాట అనుడు నాది తప్పు."

చూసుకుంటే మరీ వంగిపోయినట్టు అనిపిచ్చింది. తుడిసేసిన. కింద "అయ్యో" అని ఒకటే అరుపు. సినిమాల ఎవలో సచ్చిండ్రు కావచ్చు అనుకున్న.

"సరూ, తప్పు ఇద్దరిది ఉన్నది."

కింద ఇంకా పెద్ద లొల్లి. కుర్చీ జరిపిన సప్పుడు. ఎందుకో నాకే మంచిగ అనిపియ్యలే, అది గూడ తుడిసిన. మళ్ళ రాసిన.

"సరూ, పదిహేను రోజులాయె, అన్నం తింటే గొంతు దిగుతలేదు. మీ అమ్మ కన్ను ఎట్లున్నది? ఆమె ముందట నిలవడాల్నంటే భయమైతాంది. నువ్వు లేకుంటే ఈ ఇల్లు ఇల్లుగ లేదు. నువ్వు రాసే ఉత్తరం కిందోళ్ళ చేతుల పడనియ్యకు, కాంతమ్మక్క ఆవిరి పట్టి కవర్లు ఇప్పుతాంది."

కింద ఒక్కసారిగ వాడకట్టంత పగలబడి నవ్విండ్రు.

ఐదు నిమిషాలకు తలుపు కొట్టిన సప్పుడు. తీస్తే సరోజన. చేతుల సంచి.

"మొదలు రాసింది మంచిగుండె గద, ఎందుకు తుడిసినవు?" అన్నది.

"ఏంది తుడిసింది?"

"ఆ మాట అనుడు నాది తప్పు అని."

మెలేసిన వైర్ల దిక్కు చూసిన. కంప్యూటర్ బొమ్మ నా టీవీలకే కాదు, ఏంటెన్నా వైరు పట్టుకోని సీదా సేటు టీవీలకు గూడ పోతాంది. కింద సినిమా మధ్యల ఆగిందట. సేటు వేరే ఏమన్న వస్తదేమో అని నాబ్ తిప్పితే నా ఉత్తరం తగిలింది. లారీ ఆఫీసుల ఇంగ్లీషు రసీదులు చదివిన అలవాటు గద, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోని అందరికి చదివి చెప్పిండట.

సరోజన తన చీరలు, కుట్టుమిషన్ తీస్కపోదామనే వచ్చిందట. మీదికి రాబోతాంటే కాంతమ్మక్క "జర చాయ్ తాగి పో బిడ్డా" అని కూసోబెట్టిందట. "తప్పు ఇద్దరిది" అన్నకాడ సంచి పట్టుకోని లేచిందట, కుర్చీ సప్పుడు అదే. కాంతమ్మక్కే చెయ్యి పట్టి ఆపిందట, "ఆగు బిడ్డా, ఇంకా తుడుస్తాండు" అని. ఆమె నన్ను నిలబెట్టింది, నేనేమో నలుగుట్ల ఆమె ఆవిరి ముచ్చట రాసిన.

"సరూ అన్న పేరు గూడ అందరు చూసిండ్రు" అన్నది సరోజన. కోపమో నవ్వో తెల్వలే. "ఇగ అది పనికిరాదు. ఈ తాళం మాట ఎట్ల మార్చాలె, చూపియ్యి."

సంబురంగ చూపిచ్చిన. పాత మాట కొట్టాలె, కొత్త మాట కొట్టాలె, క్యాసెట్టుకు ఎక్కియ్యాలె. "తాళం మాట కొట్టేటప్పుడు పక్కోళ్ళు చూడొద్దు" అని పెద్ద రూలు గూడ చెప్పి, నేనే గోడ దిక్కు తిరిగి నిలవడ్డ. ఆమె కొట్టింది. కంప్యూటర్ బంద్ చేసింది.

"రేపు అమ్మకు కట్టు విప్పుతరు. దవాఖానల అమ్మ పక్కన నిలవడు, అప్పుడు చెప్త మాట" అన్నది. పొద్దుగాల్ల మొదటి బస్సుకే పోయింది. మీద నా రెండు నెలల రాతలన్ని లోపల ఉన్నయి, నేను బయట ఉన్న. మూడుసార్లు కొట్టి చూసిన, బందయింది. తొంగిచూసే దారి ముందే నేను మూసిన గద.

దిగి వస్తాంటే సేటు అరుగు మీద కూసోని నవ్వుతాండు. అప్పుడు యాదికొచ్చింది, రాత్రి ఆ వైర్లు ఇప్పనే లేదు. సినిమా మళ్ళ మొదలైనా నాబ్ ఎవ్వలు తిప్పలేదట. కొత్త మాట సేటు చూసిండు, కాంతమ్మక్క చూసింది, వాడకట్టంత చూసింది. గోడ దిక్కు తిరిగినోన్ని నేనొక్కన్నే.

"సేటు, ఆ మాట జర చెప్పుండ్రి" అని బతిమిలాడిన.

"దవాఖానకు పోయిరా సమ్మయ్యా, చెప్త" అన్నడు.