తప్పు జాయింట్లో లేదు

గిద్దలూరులో నెట్టు కరుణాకరం అంటే చాలామందికి తెలుసు. మూడొందల ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చాడు. స్తంభమెక్కి తీగ లాగడం, తెగిన చోట జాయింటు వేయడం అతనికి నేర్పింది జోసెఫ్. కేబుల్ టీవీ రోజుల నుంచి అదే పనిలో ఉన్న మనిషి. యాభై ఎనిమిదేళ్లు దాటినా ఇప్పుడు కరుణాకరం దగ్గరే లైన్లు చూసుకుంటున్నాడు.

మే నెలలో కరుణాకరానికి మాధవి అనే ఖాతాదారు ఫోన్ చేసింది. ఆమె ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఆసుపత్రి రికార్డులు సరిచూస్తుంది. వాటికోసం వీపీఎన్ అనే భద్రమైన దారి గుండా ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లాలి.

"అన్నా, నెల నుంచి ఇదే తిప్పలు. వీపీఎన్ కనెక్ట్ అయితాంది, చిన్న మెసేజీలు పోతాండాయి. పెద్ద ఫైలు తెరిస్తే మాత్రం తిరుగుతానే ఉంటది."

కరుణాకరం జోసెఫ్‌ను వెంటబెట్టుకుని వెళ్లి చూశాడు. స్పీడు బాగానే ఉంది. వీడియోలూ వస్తున్నాయి. అతనికి కారణం తోచలేదు. తోచలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. వాకిట్లో మాధవి అత్త వెంకాయమ్మ, ఇరుగుపొరుగు నిలబడి చూస్తున్నారు. అతను జోసెఫ్ వైపు తిరిగాడు.

"నువ్వు జాయింట్లు సరిగ్గా వేసినట్టు లేదు. కండ్లు కనపడకపోతే పని మానుకోరాదా?"

 జోసెఫ్ మూడు రోజులు ఎండలో నిచ్చెన మోసుకుంటూ ఆ వీధి జాయింట్లన్నీ కోసి మళ్లీ వేశాడు. ఫైళ్లు మాత్రం తెరుచుకోలేదు. మాధవికి ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది.

నాలుగో రోజు ఆమె తన ఆఫీసు ఇంజనీరును కరుణాకరంతో ఫోన్‌లో కలిపి, తను తప్పుకుంది. కరుణాకరం దుకాణంలో కూర్చుని, స్పీకర్ పెట్టి, ఆయన చెప్పినట్టల్లా రకరకాల సైజుల డేటా మూటలు, అంటే ప్యాకెట్లు, పంపాడు. చిన్నవి పోయాయి. ఒక సైజు దాటగానే జవాబు ఆగిపోయింది.

"మీ పెద్ద రూటర్లో ప్యాకెట్ సైజు ఎంత పెట్టారండీ?"

తెరిచి చూస్తే పదిహేను వందలు. ఆ లైను మోయగలిగేది పద్నాలుగు వందల తొంభై రెండే. నెల కిందట కొత్త రూటర్ బిగించినప్పుడు ఆ అంకెను చూడకుండా వదిలేసింది తనే. మామూలు సైట్లు ఎలాగో సర్దుకున్నాయి. వీపీఎన్ మాత్రం ప్రతి ప్యాకెట్‌కూ తన పొర ఒకటి చుడుతుంది. దాంతో నిండు ప్యాకెట్లు దారిలోనే పోతున్నాయి. కరుణాకరం అంకె మార్చాడు. రెండు నిమిషాల పని.

"తెరుచుకుందన్నా," అంది మాధవి కాసేపటికి ఫోన్ చేసి. "తప్పు ఆ జాయింట్లదేనా?"

"ఆ... జాయింట్లేనమ్మా."

అనేశాక గాని గుర్తు రాలేదు, గుమ్మం దగ్గర జోసెఫ్ తీగ చుడుతున్నాడని. ఇంజనీరు చెప్పిందంతా అతను విన్నాడు. ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ తీగ చుట్టుకున్నాడు. కరుణాకరానికి చెవులు కాలిపోయాయి.  సాయంత్రం దాకా ఆగలేక జోసెఫ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"తప్పు నాదే జోసెఫన్నా."

"ఇన్నాలే. నాకు చెప్తే ఏమొస్తది కరుణా? ఆ వాకిట్లో అన్నావు. ఆడనే చెప్పు."

ఇద్దరూ మాధవి ఇంటికి వెళ్లారు. కరుణాకరం అరుగు కింద నిలబడి, తాను పెట్టిన అంకె సంగతీ, ఫోన్‌లో ఆడిన అబద్ధమూ చెప్పాడు. పక్కింటివాళ్లూ విన్నారు. 

"నెల నుంచని నేను చెప్తానే ఉంటిని గదన్నా," అంది మాధవి. "మా ముందరే ఆయన్ని అంత మాటంటిరి. మేమూ నమ్మితిమి."

వెంకాయమ్మ జోసెఫ్‌కు కుర్చీ వేసింది. "కూర్చో జోసెఫూ, మా మరిదింటికి కూడా నువ్వే లైను వెయ్యాల," అంది.

కరుణాకరాన్ని మాత్రం ఎవరూ కూర్చోమనలేదు. వెంకాయమ్మ ఇచ్చిన మజ్జిగ జోసెఫ్ తాగేదాకా అతను అలాగే తల వంచుకుని నిలబడ్డాడు.