సినిమాను ఆపి చూసిన మా వదినె

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నాచారం బస్టాపు పక్కన కటింగ్ షాపులో నా గడ్డం ఒక వైపు గీసి, రెండో వైపు సబ్బు నురగ పెట్టి ఉండగా ఫోను మోగింది. మా అన్న కూతురు. "చిన్నాయనా, అమ్మ పోయింది. చాయ్ తాగి కూసున్న కాడనే పోయింది" అన్నది. మెడ చుట్టూ గుడ్డతోనే లేచి నిలబడ్డాను. షాపతను నురగ తుడిచి పంపించాడు. సగం గడ్డంతోనే మా వదినె దగ్గరికి వెళ్ళాను. బతికి ఉంటే నన్ను చూడగానే ఒక మాట అనేది. అది ఎలాంటి మాటో ఊహించగలను గానీ, ఆమె అన్నంత సూటిగా నాకు రాదు.

తర్వాత ఒక పత్రికలో ఆమె గురించి నాలుగు ముక్కలు వచ్చాయి. 'మహిళా చలనచిత్ర సంస్కృతికి మాతృమూర్తి' అని రాశాడొక పెద్దమనిషి. శనివారం మధ్యాహ్నాలు మా వదినె నడిపిన సినిమా ఆటకు ఆయన ఒక్కసారీ రాలేదు. పిలిస్తే మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేనన్నాడు. అదే వారం తన సన్మానానికి మూడంతస్తులు ఎక్కాడు. అందుకే ఇది రాస్తున్నాను. మా వదినె ఎవరికీ మాతృమూర్తి కాదు. ఒక కూతురికి తల్లి, నాకు వదినె, నాచారంలో మందు గోలీలు తయారుచేసే ఒక కంపెనీలో పాతికేళ్ళకు పైగా ప్యాకింగ్ సెక్షన్ మనిషి.

ఆ ప్యాకింగ్ సెక్షన్ సంగతి ముందు చెప్పాలి. గోలీల అట్టలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి, ఖాళీ గుంట ఉన్న అట్టను ఏరి పక్కన పెడతారు. బెల్టు చివర ఒక ఎర్ర మీట ఉంటుంది. ఎవరికైనా తప్పు కనిపిస్తే దాన్ని నొక్కి బెల్టును ఆపొచ్చు. ఆపొచ్చని గోడ మీద రాసి ఉంటుంది గానీ, ఆపితే సూపర్‌వైజర్ మొహం మాడిపోతుంది. అందుకని ఎవరూ ఆపరు. మా వదినె ఆపేది.

"ఒక్క గోలి లేకుంటే ఏమైతదమ్మా అన్నడు. ఆ గోలి మింగాల్సిన మనిషికి ఏమైతదో అదే ఐతది సార్ అన్న" అని ఇంటికొచ్చి చెప్పింది ఒకసారి. అప్పట్లో వాళ్ళింట్లోనే ఉండే నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా నవ్వాను.

రిటైరైన ఏడాది, కూతురి ఆఫీసులో తీసి పక్కన పడేసిన ప్రొజెక్టర్ ఒకటి ఇంటికి తెప్పించింది. మా కాలనీ సంఘం బిల్డింగు పైన ఉన్న హాల్లో శనివారం రెండు గంటలకు సినిమా వెయ్యడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు తీసినవి, ఆడవాళ్ళ గురించి తీసినవి. మలయాళం, బెంగాలీ, ఎక్కడెక్కడి దేశాలవో. మొదట ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళు ఐదుగురు వచ్చారు. తర్వాత ఉప్పల్ నుంచి బ్లౌజులు కుట్టే కవిత వచ్చింది. ఆమె తన వీధిలో వాళ్ళను వెంటపెట్టుకొచ్చింది. కింద ఇంగ్లీషులో వచ్చే మాటలను మా అన్న కూతురు తెలుగులో చదివి చెప్పేది. ఆమెకు అందనప్పుడు సినిమాను ఆపేవాళ్ళు. అలా ఆపడం అలవాటై, మా వదినె దాన్ని నియమం చేసింది. చూస్తున్న వాళ్ళలో ఎవరైనా సరే "ఆపు" అనొచ్చు. అంటే సినిమా ఆగాలి. ఆపిన మనిషి ఎందుకు ఆపిందో చెప్పాలి. ఆ మాట తేలేదాకా బొమ్మ గోడ మీద అట్లాగే నిలబడాలి. రెండు గంటల సినిమాకు రెండు శనివారాలు పట్టేది. ఒక్కోసారి మూడు.

అప్పటికి నేను సినిమా వ్యాసాలు రాయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు. సినిమాను నదిలా చూడాలి, మధ్యలో అడ్డుకట్ట వెయ్యకూడదని సభల్లో చెప్పేవాణ్ణి. ఒక మాసపత్రికలో వీళ్ళ మీద ఇలా రాశాను: 'నాచారంలో కొందరు ఆడవాళ్ళు సినిమాను చాటలో పోసి రాళ్ళు ఏరుతున్నారు. అన్నం మాత్రం వండరు.' ఆ రెండు వాక్యాలు చాలామందికి నచ్చాయి. సభల్లో అప్పజెప్పి నవ్వుకున్నారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి, వాళ్ళకూ గుర్తుండే ఉంటుంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మా వదినె ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. కోపం లేదు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగింది.

"మరిదీ, నువ్వు ఎన్నడన్న బియ్యం ఏరినవా?"

"లేదు వదినె."

"అరవై ఏండ్ల సంది ఎవరో ఏరింది తిన్నవు. రాళ్ళ సంగతి నీకెట్ల తెలుస్తది?"

ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచింది.

"శనివారం రా. ఎనుక కూసో. ఆపు అనే హక్కు నీకు ఏడాది దాక లేదు. సూసుడే."

వెళ్ళాను. ఆమె చెప్పింది గనక కాదు, ఇంకో వ్యాసానికి సరుకు దొరుకుతుందని వెళ్ళాను. ఆ రోజు వేసింది మన పాత తెలుగు సినిమానే. దాని మీద నేను పది పేజీల వ్యాసం రాసి ఉన్నాను, పదకొండుసార్లు చూసి ఉన్నాను. అందులో అలిగి వెళ్ళిన భర్త తిరిగొస్తాడు. వాకిట్లో భార్య అతని కాళ్ళ మీద పడి క్షమించమంటుంది. చాలా పొడవైన సన్నివేశం. ఆ వెలుగునీడల గురించే నేను రెండు పేజీలు రాశాను.

"ఆపు" అన్నది కవిత. "ఆ ఎనుక నిలవడ్డామె బిందె ఎంతసేపట్నుంచి మోస్తుంది?"

చూశాను. అయ్యగారి కాళ్ళు కడగడానికి నీళ్ళు తెచ్చిన పనిమనిషి ఒకామె గుమ్మం పక్కన నిలబడి ఉంది. భార్యాభర్తల మాటలు అయ్యేదాకా బిందె దించకుండా అలాగే నిలబడింది. పదకొండుసార్లు చూసినా ఆమె నాకు కనిపించలేదు.

"ఖాళీ బిందె అయ్యుంటది. సినిమా గద" అన్నదొకామె.

"కాదు. మోచెయ్యి సూడు. నీళ్ళున్న బిందెనే" అన్నది ఇంకొకామె.

సన్నివేశం మొదటికి పోయి మళ్ళీ వేశారు. మోచేతిని చూశారు, తొణికి తడిసిన చీర అంచును చూశారు. నిండు బిందేనని తేల్చారు. అరగంట పట్టింది. ఆ అరగంటా మా వదినె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నా మొహం చూడలేదు. చూసి ఉంటే నేను మళ్ళీ వచ్చేవాణ్ణి కాదు. అది ఆమెకు తెలుసు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో నేను వెళ్ళని శనివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆదివారాలు నేనూ వదినె నగరం మీద పడేవాళ్ళం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడ ఆడవాళ్ళు నాటకం వేస్తున్నారో, ఎక్కడ ఆడవాళ్ళు గీసిన బొమ్మలు గోడలకు వేలాడుతున్నాయో అక్కడికి. ఆమె సంచిలో శాలువా తప్పకుండా ఉండేది. "కళ ఉన్నకాడ సలి ఎక్కువుంటది" అనేది ఏసీని చూపించి. బొమ్మల ప్రదర్శనలో పక్కన అతికించిన కాగితాన్ని చివర్న చదివేది. "పేరు ముందు సూస్తే బొమ్మ కనవడది మరిదీ." నేను ముందు పేరు చూసే రకాన్ని. ఒకసారి పెద్ద పేరున్న బొమ్మ ముందు నేను గొప్పగా మాట్లాడుతుంటే, వదినె మూలన ఎవరికీ తెలియని ఒకమ్మాయి వేసిన గ్యాస్ పొయ్యి బొమ్మ దగ్గర అరగంట నిలబడింది. "ఇది ఇంట్ల కడిగిన పొయ్యి. దుకాణంల సూసి గీసింది కాదు" అన్నది. అంతకంటే మంచి చిత్రవిమర్శ నేను చదవలేదు. చాలానే చదివాను.

అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది ఒకటుంది. నగరం అవతలి కొసన ఒక పెద్ద హాల్లో మహిళల సినిమా పండుగ జరిగింది. ఒక అమ్మాయి తీసిన తెలుగు సినిమా నడుస్తోంది. హాలు నిండుగా ఉంది. చీకట్లో మా వదినె గొంతు వినబడింది: "ఆపుండ్రి."

సినిమా ఆగలేదు. ముందు వరసల్లో ఎవరో నవ్వారు. ఒక కుర్రాడు టార్చి వేసుకొని వచ్చి, నిశ్శబ్దంగా ఉండమని చెప్పి వెళ్ళాడు. నేను కుర్చీలో కిందికి జారాను. ఆమె మాత్రం తాపీగా శాలువా సర్దుకొని, "ఈళ్ళకు మీట లేదు గావచ్చు" అన్నది.

సినిమా అయ్యాక దాన్ని తీసిన అమ్మాయి మమ్మల్ని వెతుక్కుంటూ బయటికి వచ్చింది. "అమ్మా, ఆపమన్నది మీరేనా? ఎక్కడ ఆపాలి?" అని అడిగింది.

"ఆ పిల్ల కొలువు పోయి ఇంటికొచ్చి మంచం మీద పడి ఏడ్సింది గద, ఆడ."

"బాగాలేదా?"

"మంచిగనే ఏడ్సింది బిడ్డా. కానీ చెప్పులు ఇడిసి, సక్కగ పక్కకు పెట్టి ఏడ్సింది. నన్ను కొలువుల నుంచి ఎల్లగొట్టిన నాడు నేను మాపటి దాక చెప్పులు ఇడువలేదు. ఇంట్లనే తిరిగిన, వంట జేసిన, అన్నీ చెప్పుల మీదనే. ఇడిస్తే ఇగ రేపు తొడుక్కునే పని లేదని తెల్సిపోతది."

ఆ అమ్మాయి తన చేతిలో ఉన్న కాగితం మీద అది రాసుకుంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. మా వదినెను కొలువులోంచి తీసేసిన సంగతే నాకు తెలియదు. మెట్రోలో అడిగాను. బెల్టు ఆపినందుకు మూడు నెలలు బయట పెట్టారట. తర్వాత మళ్ళీ వాళ్ళే పిలిచారట. "నువ్వు ఇంట్లనే ఉన్నవు, మరిదీ. పక్క అర్రల సదువుకుంటున్నవు" అన్నది. అందులో నిందేమీ లేదు. తార్నాక స్టేషను వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

ఆ నెలల్లో నేనేం చదువుతున్నానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

ఆమె పోయిన పదకొండో దినం నాడు కాలనీ సంఘం అధ్యక్షుడు నా పక్కన కూర్చొని విస్తట్లో చెయ్యి పెట్టకముందే విషయానికి వచ్చాడు. "అన్నా, ఇగ ఆమె లేదాయె. శనివారం హాలు యోగా క్లాసుకు ఇద్దామనుకుంటున్నం. మీరొక్క మాట జెప్తే ఆడోళ్ళు ఇంటరు."

"నేనెందుకు చెప్తాను?"

"మీరే రాసిన్రు గదన్నా, ఎన్కట. అన్నం వండరని."

నా వాక్యాలు అతనికి కంఠతా వచ్చు. కాగితం కూడా దాచి పెట్టుకున్నాడు.

వారం తర్వాత సంఘం సమావేశంలో ఆ కాగితాన్ని లేచి చదివాడు. ఆమె మరిదే రాశాడని, పెద్ద చదువరి అని, నా వైపు చెయ్యి చూపించాడు. నేను లేచాను. ఆ రాత నాదేనని, రాసేనాటికి ఆ మెట్లు ఒక్కసారీ ఎక్కలేదని చెప్పాను. చూడనిదాన్ని వెక్కిరించడం నా వృత్తిగా ఉండేదని, ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నానని, దాన్నీ అచ్చులో వేయిస్తానని చెప్పాను. జేబులో ఇంకా మూడు పేజీలున్నాయి. ప్రపంచంలోని గొప్పవాళ్ళు చెప్పిన మాటలన్నీ ఏరి రాసుకొచ్చాను.

కవిత లేచింది. "పెద్దాయనా, మీ మాటలు మీరు వాపస్ తీస్కోండ్రి, మంచిదే. హాలు సంగతి మేము మాట్లాడుకుంటం. జర కూసోండ్రి."

కూర్చున్నాను.

"సార్, శనివారం రెండు గంటలకు యోగా అంటున్నరు గద. జనం అన్నం తిని వస్తరా, తినకుంట వస్తరా?" అని అడిగింది అధ్యక్షుణ్ణి.

అతను ఆలోచించాడు. "తినే వస్తరు."

"తిన్నంక కడుపు వంచుడు ఏ గురువు జెప్పిండు సార్? పొద్దుగాల ఆరింటికి పెట్టుకోండ్రి. మేము గూడ వస్తం. మధ్యాహ్నం మా సినిమా మాకు ఇడిసిపెట్టుండ్రి."

ముందు నవ్వింది అధ్యక్షుడి భార్య. తర్వాత అందరూ నవ్వారు. అతను కూడా నవ్వక తప్పలేదు. పొద్దున యోగా, మధ్యాహ్నం సినిమా అని పుస్తకంలో రాసి సంతకాలు పెట్టారు. నా మూడు పేజీలు జేబులోనే ఉన్నాయి.

మొన్నటి శనివారం మా వదినె లేని మొదటి ఆట. మెట్లు నిదానంగా ఎక్కి వెనక వరసలో కూర్చున్నాను. ఎవరు నడుపుతున్నారో తెలియలేదు. ఒకామె కిటికీ పరదాలు వేసింది, ఒకామె ప్రొజెక్టర్ సరిచేసింది, మా అన్న కూతురు చదవడానికి గొంతు సవరించుకుంది. మంచు కురిసే ఏదో దేశపు సినిమా. ఒక ఆవిడ సంచి పట్టుకొని ఇల్లు వదిలి బయటికొస్తుంది, బస్సు వచ్చి ఆగుతుంది.

"ఆపొచ్చా?" అన్నదెవరో, చాలా చిన్న గొంతుతో.

కొత్తగా వచ్చిన అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఏదో కంపెనీ పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, నీలం కోటు ఇంకా విప్పలేదు. సినిమా ఆగింది. అమ్మాయి లేచి నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. ముందు కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుంది.

ఎవరూ ఆమెకు మాట అందించలేదు. ఎవరూ గడియారం చూడలేదు. ఫ్యాను గాలికి పరదా కదిలినప్పుడల్లా గోడ మీది వెలుగు కొంచెం పలచబడి మళ్ళీ చిక్కబడుతోంది. మంచులో ఆ ఆవిడ ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఆగి ఉంది. ముప్పై మంది ఆడవాళ్ళు మెడలు తిప్పి, నీలం కోటు అమ్మాయి వైపు చూస్తూ కూర్చున్నారు.