దోమకు పేరు పెట్టిందెవరు

కెనడాలోని ఎటోబికో బస్సుల్లో ఎటు చూసినా మన స్టూడెంట్లే కనిపించే రోజులవి. ఒక మధ్యాహ్నం నా పక్కన ఒక ఇటాలియన్ పెద్దాయన కూర్చున్నారు. చెవి దగ్గర తిరుగుతున్న దోమను తోలుతూ, "జంజార" అని నవ్వారు.

"మా భాషలో దోమ. ఎవరో పెట్టిన పేరు కాదు. అది చేసే చప్పుడే పేరైపోయింది."

తర్వాత ఆయన చూపు నా మెడలోని వేర్‌హౌస్ బ్యాడ్జి మీద పడింది. దాని మీద హ్యారీ అని ఉంది.

"ఇది మీ అమ్మానాన్నలు పెట్టిందేనా?"

"కాదండీ, సూపర్‌వైజర్ పెట్టాడు."

"నాకూ ఫ్యాక్టరీలో జో అని పెట్టారు. ఈ దేశంలో అసలు పేరుతో పిలిచింది నా భార్య ఒక్కతే. మొన్న చలికాలంలో పోయింది."

నా అసలు పేరడిగారు. హర్షవర్ధన్ అని చెప్పాను.

"అర్ష... అర్షవర్..."

మూడుసార్లు ప్రయత్నించారు, రాలేదు. ఇంతలో ఆయన స్టాప్ వచ్చింది. లేచి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమనుకోకు బాబూ. మా భాషలో 'హ' పలకం."

వర్క్ పర్మిట్ అయిపోయి నేను తిరిగొచ్చేసేదాకా, ఆ దేశంలో నా పేరు పలకబోయింది ఆయనొక్కరే.