బాబాయి ముందు రెండు సీసాలు

కాళ్లు వణికి, మాట పడిపోయి, అన్న చిన్న వయసులోనే చనిపోయాడు. అమ్మే చేతబడి చేసిందని బాబాయి ఊరంతా చెప్పాడు. ఆనాటి నుంచి ములకలపల్లిలో ఎవరూ ఆమె చేతి నీళ్లు తాగరు.

నేనిప్పుడు ల్యాబులో పండ్ల ఈగలు పెంచుతాను. మొన్న ఆ ఈగలున్న రెండు సీసాలు తెచ్చి, అన్నీ అడుగుకు రాలేలా బాబాయి ముందు బల్లకేసి తట్టాను. ఒకదాంట్లోని మామూలు ఈగలు గాజు పట్టుకుని పైకి పాకాయి. రెండోదాంట్లో, అన్నకున్న జన్యులోపమే ఉన్న ఈగలు అడుగునే వణుకుతూ ఉండిపోయాయి.

"వీటికెవరు చేసిండ్రు బాబాయ్, చేతబడి?"

ఆయన రెండో సీసా చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నకు ఈ లోపం నాయన వైపు నుంచి వచ్చింది" అన్నాను.

"మరి నాకు, నా పిల్లలకు ఉంటదారా? జల్దీ చెప్పు."

దానికి పరీక్ష ఉంది. చేయించగలను.

"ఊరంతా చూస్తుండగా మా అమ్మ చేతి నీళ్లు తాగు. అప్పుడు చెప్తా."