జంట దెబ్బ

ఇవాళ ఆవిడ పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో హెడ్ నర్సు. ఉత్తమ సేవా పతకం రెండుసార్లు అందుకుంది. కొత్త నర్సులను పని నేర్చుకోమని ఆవిడ దగ్గరికే పంపుతారు. పేరుమోసిన డాక్టర్లు సైతం "సిస్టర్ డ్యూటీలో ఉన్నారా?" అని కనుక్కుని గాని లోపలికి అడుగు పెట్టరు. ఇంటావంటా లేని ఘనత ఇది, చెప్పుకోవడానికి మొహమాటమెందుకు? యాక్సిడెంటు కేసు వచ్చి అందరూ తలో కేకా వేస్తుంటే ఆవిడ గొంతు తగ్గుతుంది. అది తగ్గేసరికి గదంతా చెవులు రిక్కిస్తుంది. ఆ పెద్దరికం ఆసుపత్రిలో అబ్బింది కాదు, బడి బ్యాండులో అబ్బింది.

అప్పట్లో ఇంట్లో అందరికీ ఆ పిల్ల బుడంకాయ. తొమ్మిదో తరగతిలో మెడకు పెద్ద డ్రమ్ము తగిలిస్తే, ఎదుటివాళ్లకు డ్రమ్మూ దాని కింద రెండు కాళ్లూ కనిపించేవి, అంతే. పాత లీడరు చదువు ముగించుకుని వెళ్లిపోగానే బ్యాండు మాస్టారు ఆ బరువు కూడా దీని నెత్తినే పెట్టారు.

"అడుగు వేయించేది నీ డ్రమ్మే, ఆపేదీ నీ డ్రమ్మే. ఇంక వేరే లీడరెందుకు?" అన్నారు.

పాట చివర పెద్ద డ్రమ్ము మీద దడ్ దడ్‌మని జంట దెబ్బ పడగానే ట్రంపెట్లూ, వేణువులూ, చిన్న డ్రమ్ములూ ఒక్కసారిగా ఆగిపోవాలి. అదీ పద్ధతి.

మాస్టారి మాట అందరికీ నచ్చింది, ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడూ సొంత అన్నయ్యే. పదో తరగతి. ట్రంపెట్టులో వాడికి సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల బళ్లలో లేడు, ఆ మాటా ఒప్పుకోవాలి.

"నిన్నగాక మొన్న నా సైకిలు వెనక కూర్చుని ఏడుస్తూ బడికొచ్చినదానివి. నువ్వు ఆగమంటే నేనాగాలా?"

"నేను కాదన్నయ్యా, డ్రమ్ము ఆగమంటుంది."

"అయితే దాన్నే వచ్చి చెప్పమను."

వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "పెద్దవాడితో వాదనేంటే? నీకంటే వాడికి తెలీదూ?"

వార్షికోత్సవం నాడు పరువు కాస్తా గంగలో కలిసింది. జంట దెబ్బ పడింది, అందరూ ఆగారు, ట్రంపెట్టు మాత్రం తన దారిన తాను ఊదుతూనే ఉంది. సభంతా గొల్లుమంది. వాడు చెవుల దాకా ఎర్రబడి, "నాకు వినపడలేదు" అన్నాడు. చెల్లెలు నమ్మలేదు. మర్నాడు హెడ్మాస్టరు అందరినీ నిలబెట్టి చెప్పారు:

"రేపు బడుల బ్యాండు పోటీలో కూడా ఇలాగే చెదిరితే వాయిద్యాలన్నీ కొట్టుగదిలో పడేసి తాళం వేయిస్తా. బ్యాండూ లేదు, గీండూ లేదు."

ఆ పిల్ల అన్నయ్యకి వినపడాల్సిందేనని పంతం పట్టి, సాధనలో చేయి వాచేలా బాదింది. అది బాదేకొద్దీ చిన్న డ్రమ్ములు రెచ్చిపోయాయి, వేణువులు పరుగెత్తాయి, ట్రంపెట్టు అందరికంటే ముందు పోయింది. ఒకరోజు మెడపట్టీ జారింది. ఒక చేత్తో దాన్ని సర్దుకుంటూ రెండో చేత్తో మెల్లగా తట్టింది. చిత్రం! చిన్న డ్రమ్ములవాళ్లు జోరు తగ్గించి ఇటు తలలు వంచారు. అడుగులు కలిశాయి. పట్టీ సర్దుకుని మళ్లీ గట్టిగా కొట్టగానే ఎవరి గోల వారిదే అయింది. అది మనసులో పెట్టుకుంది గాని ఎవరికీ చెప్పలేదు. మెల్లగా వాయించే లీడరంటే నవ్వరూ?

పోటీ రోజు రానే వచ్చింది. మాస్టారు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతలే ఉండిపోవాలి. మైదానం మొదటి మలుపు దాకా బాగానే నడిచారు. మలుపు తిరగగానే జనం ఈలలు వేశారు. చిన్న డ్రమ్ములు ఉరకడం మొదలుపెట్టాయి. ముందు వరుసలో అన్నయ్య వీపు దూరమవుతోంది. బాదాలని చెయ్యి లేచింది. బాదితే వార్షికోత్సవమే మళ్లీ. తగ్గిస్తే అసలుకే మోసం రావచ్చు.

తగ్గించింది.

ముందు అంతా ఇంకా చెడింది. ఒక చిన్న డ్రమ్ము ఆగిపోయింది. వేణువులు సన్నగిల్లాయి. తాడు అవతల మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. ఆ పిల్ల మాత్రం అదే నడక, అదే మెత్తని దెబ్బ, వదల్లేదు. ఆగిన డ్రమ్ము మళ్లీ అందుకుంది. ఒక్కొక్క జత కాళ్లు ఆ దెబ్బను వెతుక్కుంటూ వచ్చి చేరాయి. మిగిలింది ట్రంపెట్టు. వెనక చప్పుడు తగ్గేసరికి వాడికి తన ట్రంపెట్టు ఒక్కటే వినిపించింది. ఊదడం తగ్గించాడు. తల తిప్పకుండానే ఒక చెవి వెనక్కి ఒగ్గాడు. ఒక అడుగు పొట్టిగా వేసి, చెల్లెలి దెబ్బలో కాలు కలిపాడు.

ముగింపు గీత దగ్గరికి వచ్చారు. అంతసేపూ దాచుకున్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని కొట్టింది, దడ్ దడ్!

అన్నీ ఆగిపోయాయి. జెండా కర్రకు తాడు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతే చప్పట్లు.

మొదటి కప్పు వేరే బడి ఎగరేసుకుపోయింది, వీళ్లకు రెండోది దక్కింది. కొట్టుగదికి తాళం పడలేదు. ఆ కప్పు ఇప్పటికీ బడి బీరువాలో ఉంది, కావాలంటే వెళ్లి చూసుకోవచ్చు.

సాయంత్రం సైకిలు మీద అన్నయ్య ముందు, అది వెనక. సగం దారిలో వాడే మాట అందుకున్నాడు.

"ఆ రోజు నాకు నిజంగానే వినపడలేదే."

"తెలిసిందిలే అన్నయ్యా. అన్నీ గట్టిగానే కొడితే చివరి రెండూ ఎలా తెలుస్తాయి?"

ఎత్తు వచ్చింది. వాడు లేచి నిలబడి తొక్కాడు.

"రేపు సాధన ఎన్నింటికి?"

ఆ ప్రశ్న వాడు అడగడం అదే మొదలు.

"ఏడింటికి."

"నిద్ర లేపు మరి. ఆలస్యమైతే లీడరుగారు ఊరుకోరట."